ఇంజిను పెద్దదైతే చాలదు.. విమానానికి తగినదై ఉండాలి

విన్యాసాల నమూనా విమానాల తయారీలో తెలుసుకోవలసిన లెక్కలు

నెలల తరబడి బాల్సా చెక్కను కోసి, అతికించి, పైపొర కప్పి సిద్ధం చేసుకున్న నమూనా విమానం తొలిసారి గాలిలోకి లేచిన అర నిమిషానికే నేలకూలడం ఈ రంగంలో ఉన్నవారికి కొత్త దృశ్యమేమీ కాదు. అలాంటి సమయంలో నడిపినవారి చేతినో, వీచిన గాలినో తప్పుపట్టడం సహజం. అయితే అనేక సందర్భాల్లో పొరపాటు అంతకు చాలా ముందే, ఇంజిను కొనే రోజునే జరిగిపోయి ఉంటుంది. శక్తి చాలని ఇంజినుతో విమానం నిలువుగా ఎక్కలేక మధ్యలోనే చతికిలపడుతుంది. శక్తి మితిమీరిన ఇంజినుతో ముక్కు బరువెక్కి, వేగం హద్దు దాటి, రెక్కలే విరిగే ప్రమాదం ఏర్పడుతుంది.

ఎన్‌సీసీ వైమానిక విభాగం క్యాడెట్లకు నమూనా విమానాల తయారీ శిక్షణలో భాగం. ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులు సైతం విమాన నమూనాల పోటీలకు సిద్ధమవుతుంటారు. బేగంపేట విమానాశ్రయంలో జరిగే వైమానిక ప్రదర్శనలను చూసి గిరికీలు కొట్టే విమానాన్ని తామూ తయారుచేయాలని ఉత్సాహపడే యువకులకు కొదవ లేదు. అలాంటివారందరికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ విమానానికి ఏ ఇంజిను? సమాధానం దుకాణంలో కాదు, తూకంలో దొరుకుతుంది.

బరువే మొదటి కొలమానం

ఇంజిను ఎంపికకు ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఒకటి, ఎగరడానికి సిద్ధమైన విమానం మొత్తం బరువు ఎంత? రెండు, దానితో చేయించదలచిన విన్యాసాలు ఏమిటి? ఇంజిను, ప్రొపెల్లరు కలిసి విమానాన్ని ముందుకు లాగే బలాన్ని థ్రస్టు అంటారు. దీనిని కూడా కిలోల్లోనే కొలుస్తారు. థ్రస్టును విమానం బరువుతో భాగిస్తే వచ్చే అంకె ఆ విమానం స్వభావాన్ని చాలావరకు చెప్పేస్తుంది.

నేర్చుకునేవారి శిక్షణ విమానానికి బరువులో సగం లేదా అంతకు కొంచెం ఎక్కువ థ్రస్టు ఉంటే చాలు. లూప్, రోల్ వంటి సాధారణ విన్యాసాలకు బరువులో 80 శాతం నుంచి బరువుకు సమానమైనంత వరకు కావాలి. విమానాన్ని ముక్కు పైకెత్తి గాలిలో నిలబెట్టే త్రీడీ విన్యాసాలకు మాత్రం బరువుకు ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది అనుభవజ్ఞుల మాట. అలా నిలబెట్టినప్పుడు రెక్కలు బరువును మోయవు. మొత్తం భారం ప్రొపెల్లరు మీదే పడుతుంది. బరువుకు సమానమైన థ్రస్టు ఉంటే విమానం నిలబడగలదే తప్ప, అక్కడి నుంచి పైకి లేచి బయటపడలేదు. ఆ మిగులు బలమే ఆపదలో ఆదుకుంటుంది.

అంకెల వెనుక అర్థం

నమూనా విమానాల ఇంజిన్లను 40, 46, 60 వంటి అంకెలతో పిలుస్తారు. ఇవి ఘనపు అంగుళంలో నూరో వంతులు. 46 అంటే 0.46 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 7.5 సీసీ. 40 అంటే 6.5 సీసీ. 61 అంటే 10 సీసీ. 120 అంటే దాదాపు 20 సీసీ. విమానం కిట్ల పెట్టెలపై కూడా '40 తరగతి', '60 తరగతి' అని ముద్రించి ఉంటుంది. తయారీదారు ఏ పరిమాణం ఇంజినును దృష్టిలో పెట్టుకుని ఆ విమానాన్ని రూపొందించారో ఆ అంకె చెబుతుంది.

ఉదాహరణకు 40 తరగతికి చెందిన ఒక మామూలు విమానాన్ని తీసుకుందాం. రెక్కల పొడవు 1.6 మీటర్లు, రెక్కల వైశాల్యం 45 చదరపు డెసీమీటర్లు, బరువు రెండున్నర కిలోలు అనుకుందాం. ఒక్కో చదరపు డెసీమీటరు రెక్క సుమారు 55 గ్రాములు మోస్తుందన్న మాట. ఈ తరగతి విమానాల్లో 46 ఇంజినును 11 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్ ఉన్న ప్రొపెల్లరుతో వాడడం పరిపాటి. నిమిషానికి 12 వేల చుట్ల వద్ద ఈ జోడీ మూడు కిలోల దరిదాపుల్లో థ్రస్టు ఇస్తుంది. రెండున్నర కిలోల విమానానికి ఇది సాధారణ విన్యాసాలకు సరిపోవడమే కాక, కొంత మిగులు కూడా ఉంటుంది.

పెద్ద ఇంజిను తెచ్చే తంటా

ఇదే విమానానికి 46 బదులు 61 బిగిస్తే ఏమవుతుంది? 61 తరగతి ఇంజిను, సైలెన్సరుతో కలిపి దాదాపు 200 గ్రాములు ఎక్కువ తూగుతుంది. ఈ బరువంతా ముక్కు చివర, విమానం తూగే బిందువైన గరిమనాభికి 30 సెంటీమీటర్ల ముందు చేరుతుంది. గరిమనాభి రెండు సెంటీమీటర్లకు పైగా ముందుకు జరుగుతుంది. చూడడానికి ఇది చిన్న అంకె. కానీ ఆ రెక్క వెడల్పు సుమారు 28 సెంటీమీటర్లే. అందులో అది 8 శాతం. సాధారణంగా గరిమనాభి రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి 25 నుంచి 33 శాతం మధ్య ఉండాలి. 30 శాతం వద్ద చక్కగా తూగిన విమానం ఒక్కసారిగా 22 శాతానికి వస్తుంది. ముక్కు బరువెక్కిన విమానం ఎలివేటరు మాటను బద్ధకంగా వింటుంది. దిగే సమయంలో ముక్కును పైకెత్తలేక నేలను గట్టిగా తాకుతుంది.

దీన్ని సరిదిద్దడానికి తోకలో బరువు కట్టాలి. తోక గరిమనాభికి 75 సెంటీమీటర్ల వెనుక ఉందనుకుంటే 80 గ్రాముల సీసం కావాలి. అంటే మొత్తం పెరిగిన బరువు 280 గ్రాములు. పైగా ముక్కున, తోకన బరువులు చేరిన విమానం బరువైన గుండ్లు తగిలించిన కర్రలా తయారవుతుంది. తిప్పడం మొదలుపెట్టడమూ కష్టమే, తిరుగుతున్నదాన్ని ఆపడమూ కష్టమే. విన్యాసాల విమానానికి కావలసిన చురుకుదనం అక్కడే పోతుంది.

అసలు ప్రమాదం వేగంలో ఉంది. గాలి వల్ల విమానంపై పడే భారం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం 20 శాతం పెరిగితే భారం 44 శాతం పెరుగుతుంది. 46 ఇంజినుకు రూపొందించిన రెక్క దూలం, కీళ్లు, ఎయిలెరాన్లను కదిపే చిన్న మోటార్లు ఆ భారానికి తట్టుకుంటాయన్న హామీ లేదు. హద్దు దాటిన వేగంలో ఎయిలెరాన్లు జెండాల్లా రెపరెపలాడడం మొదలైతే రెండు మూడు సెకన్లలోనే రెక్క ఊడిపోవచ్చు.

ప్రొపెల్లరుతోనే అసలు జోడీ

ఇంజిను శక్తిని పుట్టిస్తుంది. దానిని పనిగా మార్చేది ప్రొపెల్లరు. మోటారు సైకిలుకు గేర్లు ఎలాగో నమూనా విమానానికి ప్రొపెల్లరు అలాగ. తేడా ఏమిటంటే గాలిలో ఉండగా దీన్ని మార్చలేం.

ప్రొపెల్లరుపై రెండు అంకెలు ఉంటాయి. మొదటిది వ్యాసం. రెండోది పిచ్, అంటే జారుడు లేకుండా ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం. 6 అంగుళాల పిచ్ ఉన్న ప్రొపెల్లరు నిమిషానికి 12 వేల సార్లు తిరిగితే 72 వేల అంగుళాలు సాగాలి. గంటకు లెక్కిస్తే అది సుమారు 110 కిలోమీటర్లు. విమానం వేగానికి ఇది దాదాపు పైహద్దు. మన ఉదాహరణలోని విమానం గాలిలో నిలవగలిగే కనీస వేగం గంటకు 32 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఈ రెండింటి మధ్య రెండున్నర నుంచి మూడు రెట్లయినా అంతరం ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. ఇక్కడ మూడు రెట్లు దాటింది కనుక జోడీ కుదిరినట్లే.

వ్యాసాన్ని పెంచడంలో తొందరపడరాదు. ఒకే పిచ్, ఒకే చుట్ల వద్ద ప్రొపెల్లరు కోరే శక్తి వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 11 అంగుళాల నుంచి 12 అంగుళాలకు మారితే భారం దాదాపు 40 శాతం ఎక్కువ. ఇంజిను ఆ భారాన్ని మోయలేక చుట్లు తగ్గించుకుంటుంది, వేడెక్కుతుంది, చివరకు గాలిలోనే ఆగిపోవచ్చు. వ్యాసం ఒక అంగుళం పెంచితే పిచ్‌ను ఒక అంగుళమో, రెండంగుళాలో తగ్గించడం ఇందుకే. ఇంజినుతో వచ్చే పుస్తకంలోని ప్రొపెల్లర్ల పట్టికను దాటి ప్రయోగాలు చేయకపోవడం మేలు.

విన్యాసాన్ని బట్టి ఎంపిక

విన్యాసాల విమానాలన్నీ ఒకటి కావు. నిర్ణీత క్రమంలో, గీత గీసినట్లు చేసే విన్యాసాలు ఒక రకం. అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య ఎఫ్3ఏ పేరిట నిర్వహించే పోటీలు ఇలాంటివే. ఇందులో విమానం పొడవు, రెక్కల పొడవు రెండు మీటర్లకు మించరాదు. శబ్దానికీ పరిమితి ఉంటుంది. ఇక్కడ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం ఒకే తీరుగా ఉండడమే గొప్ప. అందుకు ఒక మోస్తరు పిచ్, మీట కదిపిన మేరకు నిదానంగా స్పందించే ఇంజిను అవసరం.

1977లో ప్రపంచ విజేతగా నిలిచిన ఆస్ట్రియా దేశస్థుడు హానో ప్రెట్నర్ తాను రూపొందించిన 'క్యురారే' విమానాన్ని నడిపారు. అది 10 సీసీ ఇంజిన్ల కాలం. ఉన్న కొద్దిపాటి శక్తిని వృథా కానీయని సన్నని, నున్నని ఆకారంతో వేగాన్ని నిలుపుకొనేలా నాటి విమానాలను మలిచారు. తర్వాతి దశాబ్దాల్లో ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు, ఆపై విద్యుత్ మోటార్లు వచ్చి పెద్ద ప్రొపెల్లర్లను నిదానంగా తిప్పడం మొదలుపెట్టాక విమానాల శరీరాలు లావెక్కాయి, వేగం తగ్గింది. ఇంజిను మారితే విమానం ఆకారమే మారుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

త్రీడీ విన్యాసాల విమానాల తీరు వేరు. తేలికైన శరీరం, పెద్ద ఎలివేటర్లు, వెడల్పాటి ఎయిలెరాన్లు ఉంటాయి. వీటికి వేగం కన్నా తక్షణ బలం ముఖ్యం. అందువల్ల వ్యాసం పెద్దది, పిచ్ చిన్నది అయిన ప్రొపెల్లరు ఎంచుకుంటారు.

టూ స్ట్రోకా.. ఫోర్ స్ట్రోకా.. పెట్రోలా..

చిన్న ఇంజిన్లు మిథైల్ ఆల్కహాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనంతో నడుస్తాయి. వీటిని గ్లో ఇంజిన్లు అంటారు. టూ స్ట్రోక్ ఇంజిన్లు తేలికైనవి, చవకైనవి, చుట్లు ఎక్కువ. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు తక్కువ చుట్లలోనే పెద్ద ప్రొపెల్లరును తిప్పుతాయి, శబ్దం మృదువుగా ఉంటుంది. అయితే అదే పరిమాణంలో శక్తి తక్కువ. అందుకే 46 టూ స్ట్రోక్‌కు బదులుగా 70 ఫోర్ స్ట్రోక్ వాడతారు. ఒకటిన్నర రెట్లు అనేది గుర్తుంచుకోదగిన లెక్క. జపాన్‌కు చెందిన ఓఎస్, సైటో సంస్థల ఇంజిన్లు ఈ రంగంలో పేరొందినవి.

రెక్కల పొడవు 1.8 మీటర్లు దాటితే పెట్రోలు ఇంజిన్ల వైపు మొగ్గు చూపుతారు. సుమారు 2.2 మీటర్ల రెక్కలు, ఏడెనిమిది కిలోల బరువు ఉన్న విమానానికి 50 సీసీ, 2.6 మీటర్ల విమానానికి 100 సీసీ ఇంజిను వాడుకలో ఉన్న జోడీలు. ఇంధనం ఖర్చు తక్కువే అయినా వీటి కంపనం ఎక్కువ. మరలు వదులవుతాయి, రిసీవరు దెబ్బతింటుంది. నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ పరికరాన్ని రిసీవరుకు వీలైనంత దూరంగా అమర్చాలి.

విన్యాసాల విమానంలో ట్యాంకు అమరిక కూడా ఇంజిను ఎంపికలో భాగమే. విమానం తలకిందులైనా, నిలువుగా ఎక్కినా ఇంధనం ఆగకూడదు. ట్యాంకు లోపల బరువు తగిలించిన మెత్తని గొట్టం ఇంధనం ఎటు ఒరిగితే అటు కదులుతుంది. ట్యాంకు మధ్యరేఖ కార్బురేటరు మట్టానికి దగ్గరగా ఉండాలి. మరీ పైనో, మరీ కిందో ఉంటే మామూలుగా బాగా నడిచే ఇంజిను తలకిందులు కాగానే మొరాయిస్తుంది.

విద్యుత్ మోటారుకు వేరే లెక్క

ఇప్పుడు చాలామంది విద్యుత్ మోటార్లను ఎంచుకుంటున్నారు. వీటికి సీసీలు ఉండవు, వాట్లు ఉంటాయి. ఒక కిలో బరువుకు శిక్షణ విమానానికి 150 నుంచి 200, సాధారణ విన్యాసాలకు 220 నుంచి 330, త్రీడీకి 440 లేదా అంతకు మించి వాట్లు కావాలన్నది వాడుక సూత్రం.

మన రెండున్నర కిలోల విమానానికి కిలోకు 330 చొప్పున 825 వాట్లు అవసరం. ఆరు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ 22.2 వోల్టులు ఇస్తుంది కనుక 37 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. నాలుగు సెల్‌లతో అయితే అదే శక్తికి 56 ఆంపియర్లు కావాలి. తీగలు, కనెక్టర్లు వేడెక్కేది ఆంపియర్ల వల్లే కాబట్టి ఆరు సెల్‌లే మేలు. మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం లెక్కకు వచ్చిన ఆంపియర్ల కన్నా కనీసం పాతిక శాతం ఎక్కువ తట్టుకునేదై ఉండాలి.

మన ఎండలకు తగ్గట్టు

విదేశాల్లో ముద్రించిన పట్టికలు చల్లని, దట్టమైన గాలిని దృష్టిలో ఉంచుకుని తయారవుతాయి. మన వేసవి అలాంటిది కాదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి సాంద్రత, సముద్ర మట్టాన 15 డిగ్రీల వద్ద ఉండే ప్రామాణిక గాలితో పోలిస్తే దాదాపు 14 శాతం తక్కువ. గాలి పలచనైతే ఇంజినుకు ఆక్సిజన్ తగ్గుతుంది, ప్రొపెల్లరుకు పట్టు తగ్గుతుంది, రెక్కకు ఊతం తగ్గుతుంది. చలికాలం ఉదయం హాయిగా ఎగిరిన విమానం మే నెల మధ్యాహ్నం నీరసించడానికి ఇదే కారణం.

అందువల్ల ఇంజిను ఎంచుకునేటప్పుడు లెక్కకు వచ్చిన థ్రస్టుపై మరో 15 శాతం మిగులు చూసుకోవడం మంచిది. 40 నుంచి 46 వరకు అని కిట్‌పై ఉంటే పై అంకెనే తీసుకోవాలి. తయారీదారు చెప్పిన హద్దులోనే ఉంటూ పైమెట్టు ఎంచుకోవడం వేరు, హద్దు దాటడం వేరు. ఇంధనం పాలును సరిచేసే సూదిని కూడా ఏ రోజుకా రోజు, ఏ పూటకా పూట సర్దుకోవాలి. ఇంధనం మరీ తగ్గిస్తే ఇంజిను లోపలి నూనె కూడా తగ్గి పిస్టను పట్టేస్తుంది. ముక్కును పైకెత్తి పట్టుకుని పూర్తి వేగంలో కొన్ని సెకన్లు పరీక్షించాకే విమానాన్ని వదలాలి.

వేళ్లు జాగ్రత్త

ఇది ఆటే అయినా ఆటబొమ్మ కాదు. నిమిషానికి 12 వేల సార్లు తిరిగే ప్రొపెల్లరు వేలిని క్షణంలో తెగ్గొట్టగలదు. ఇంజినును చేతి వేలితో కాక కర్రతో గానీ స్టార్టరుతో గానీ తిప్పాలి. సూదిని సర్దేటప్పుడు ప్రొపెల్లరు వెనుక నుంచే చేయాలి. ప్రొపెల్లరు తిరిగే తలంలో ఎవరూ నిలబడరాదు. పగులు కనిపించిన ప్రొపెల్లరును అతికించి వాడరాదు, విరిచి పారేయాలి. మిథైల్ ఆల్కహాల్ విషం. దాని మంట పగటి వెలుగులో కంటికి కనిపించదు. విద్యుత్ మోటారు అయితే బ్యాటరీ కలిపిన మరుక్షణం నుంచి అది తిరిగే అవకాశం ఉందనే భావించాలి. బల్ల మీద పరీక్షించేటప్పుడు ప్రొపెల్లరు తీసివేయాలి.

ఎక్కడ ఎగరేయాలన్నదీ అంతే ముఖ్యం. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం వినోదం, విద్య, పరిశోధన కోసం కంటిచూపు పరిధిలో నడిపే 25 కిలోల లోపు విమానాలను నమూనా విమానాలుగా పరిగణిస్తారు. వీటికి టైప్ సర్టిఫికెట్ అవసరం లేదు. అయినా గగనతల ఆంక్షలు వర్తిస్తాయి. ఎగరేసే ముందు డిజిటల్ స్కై పటంలో తమ మైదానం ఏ మండలంలో ఉందో, బరువును బట్టి తమకు వర్తించే తాజా నిబంధనలేమిటో చూసుకోవాలి. ఇళ్లు, రహదారులు, విద్యుత్ తీగలు లేని చోటునే ఎంచుకోవాలి.

కొనే ముందు ఈ వరుస పాటించండి

* ముందుగా చేయదలచిన విన్యాసాలు నిర్ణయించుకోవాలి. తర్వాత విమానాన్ని, చివరగా ఇంజినును ఎంచుకోవాలి. చేతిలో ఉన్న ఇంజినుకు విమానాన్ని వెతకడం తలకిందుల పద్ధతి.
* బరువును ఊహించరాదు. బ్యాటరీ, చక్రాలు, సైలెన్సరుతో సహా తూచాలి.
* బరువుకు తగిన థ్రస్టు లేదా వాట్లు లెక్కించి, వేసవికి మిగులు కలపాలి.
* కిట్ తయారీదారు చెప్పిన హద్దు దాటరాదు.
* ఇంజిను పుస్తకంలో సూచించిన ప్రొపెల్లరుతోనే మొదలుపెట్టాలి.
* ఇంజిను బిగించాక గరిమనాభిని మళ్లీ సరిచూడాలి. సీసం కట్టే ముందు బ్యాటరీని వెనక్కి జరిపి చూడాలి.
* తొలిసారి ఎగరేసేటప్పుడు అనుభవజ్ఞుడు పక్కన ఉండాలి.

శక్తి కావలసినంత ఉండి, బరువు అంతకు మించకుండా ఉన్నప్పుడే విమానం నడిపేవారి మాట వింటుంది. రెండు వందల గ్రాముల తేడా కాగితంపై చిన్నదే. గాలిలో అదే నెలల శ్రమను నిలబెట్టేది, నేలపాలు చేసేది కూడా. కొనడానికి ముందు ఒక సాయంత్రం తూకానికీ, లెక్కకూ కేటాయిస్తే ఆ తర్వాత మైదానంలో గడిపే సాయంత్రాలు సంతోషంగా సాగుతాయి.